బేస్‌బాల్‌లో అందరికన్నా గొప్ప ఆటగాడు ఎవరు? ఈ లెక్క ఎందుకంత తేలిగ్గా తేలదు

న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊరుంది. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అక్కడే. గొప్పవాళ్లని తేలిన ఆటగాళ్ల ముఖాలు, పేర్లు కంచు ఫలకాల మీద పోతపోసి గోడకు పెడతారు. 1966 జులై 25న ఆ గౌరవం అందుకోవడానికి వేదిక ఎక్కినవాడు బోస్టన్ రెడ్ సాక్స్ బ్యాటర్ టెడ్ విలియమ్స్. బంతిని అతనంత బాగా కొట్టినవాడు ఇంకొకడు పుట్టలేదని అప్పటికే చాలామంది అనేవాళ్లు. అలాంటివాడు తన రోజున, తన ప్రసంగంలో వేరేవాళ్ల పేర్లు ఎత్తాడు. నల్లజాతివాళ్లను పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్ల కోసం విడిగా నడిచిన నీగ్రో లీగ్స్‌లో ఆడిన శాచెల్ పేజ్, జోష్ గిబ్సన్ లాంటి ఆటగాళ్లకూ ఏదో ఒకరోజు ఇక్కడ చోటు దక్కాలని, వాళ్లు ఇక్కడ లేకపోవడానికి కారణం వాళ్లకు అవకాశం రాకపోవడమేనని చెప్పాడు.

గొప్పవాడెవరన్న చర్చ ఎక్కడ మొదలైనా నాకు ముందు గుర్తొచ్చేది ఈ ప్రసంగమే. జాబితాలో పై వరసలో ఉన్న మనిషే ఈ జాబితా పూర్తి కాలేదని నలుగురి ముందూ చెప్పాడు. ఇప్పటికీ ఈ చర్చలో అసలు ముడి అక్కడే ఉంది.

క్రికెట్ చూసి పెరిగిన మనకు ఇలాంటి ప్రశ్న కొంచెం తేలిక. టెస్టుల్లో బ్రాడ్‌మన్ సగటు 99.94. ఎక్కువకాలం ఆడిన మిగతావాళ్లలో ఎవరూ 65 కూడా దాటలేదు. మిగతా వాదన ఎంతైనా ఉండనీ, ఆ అంకె ముందు అందరూ ఆగాల్సిందే. (1932లో బ్రాడ్‌మన్ అమెరికా వెళ్లినప్పుడు యాంకీ స్టేడియంలో బేబ్ రూత్‌ను కలిశాడు. ఆ ఇద్దరూ ఒకచోట కూర్చోవడం తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.) బేస్‌బాల్‌లో అలా ఒక్కటే నిలబడ్డ శిఖరం లేదు. నాలుగైదు శిఖరాలున్నాయి. ఒక్కోటి ఒక్కో నేల మీద లేచింది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పిచ్చర్ 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి బంతి విసురుతాడు. అది నేలకు తగలకుండా నేరుగా బ్యాటర్ దగ్గరికి వస్తుంది. బ్యాటు గుండ్రంగా ఉంటుంది కాబట్టి బంతికి తగిలించడమే కష్టం. హిట్ అంటే బంతిని కొట్టి, పరుగు కోసం దాటాల్సిన నాలుగు మజిలీల్లో (వాటినే బేస్‌లంటారు) ఒకదానికైనా అవుటవకుండా చేరడం. పదిసార్లలో మూడుసార్లు హిట్ కొట్టినవాడు మంచి బ్యాటర్, దాన్నే 0.300 సగటు అంటారు. అంటే ఏడుసార్లు ఓడిపోయేవాడు ఇక్కడ హీరో. బంతి కంచె దాటి పడితే హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. పిచ్చర్ నాలుగు బంతులు గురి తప్పించి వేస్తే బ్యాటర్‌కు ఊరికే మొదటి బేస్ దక్కుతుంది, అది వాక్. ఇక పిచ్చర్‌ను కొలిచేది ఈఆర్ఏతో. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడన్న లెక్క అది, ఎంత తక్కువైతే అంత మేలు.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూద్దాం. 1968లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ పిచ్చర్ బాబ్ గిబ్సన్ ఈఆర్ఏ 1.12. 2000లో రెడ్ సాక్స్ పిచ్చర్ పెడ్రో మార్టినెజ్ ఈఆర్ఏ 1.74. పైకి చూస్తే గిబ్సన్ చాలా ముందున్నాడు. కానీ 1968 మొత్తం పిచ్చర్లదే రాజ్యం. అక్కడి రెండు పెద్ద లీగుల్లో (అమెరికన్, నేషనల్) ఒకటైన అమెరికన్ లీగ్‌లో ఆ ఏడాది 0.300 దాటిన బ్యాటర్ ఒక్కడే, కార్ల్ యస్ట్రెమ్‌స్కీ. అతని సగటు కూడా 0.301. పరుగులు అంతగా పడిపోయేసరికి మరుసటి ఏడాదికి పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. ఆట నియమాన్నే మార్చాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉండేదో అర్థమవుతుంది. 2000లో దీనికి పూర్తిగా వ్యతిరేకం, బ్యాటర్లు చెలరేగిపోతున్న రోజులవి. పెడ్రో ఆడిన అమెరికన్ లీగ్‌లో సగటు ఈఆర్ఏ 4.91. ఆ లీగ్‌లో పెడ్రో తర్వాతి స్థానంలో ఉన్న రోజర్ క్లెమెన్స్‌ది 3.70. ఒకటో స్థానానికీ రెండో స్థానానికీ మధ్య రెండు పరుగుల తేడా! ఎవరి లీగ్ సగటుతో వాళ్లను పోల్చి చూస్తే, మామూలు పిచ్చర్ వంద పరుగులు ఇచ్చేచోట గిబ్సన్ 37, పెడ్రో 35 ఇచ్చాడన్నమాట. పైగా పెడ్రో సొంత మైదానం బ్యాటర్లకు అనుకూలమని పేరున్న ఫెన్‌వే పార్క్. దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే పెడ్రో ఇంకాస్త ముందుకు వెళ్తాడు.

ఏ అంకె కనిపించినా దాని పక్కన ఎప్పుడు, ఎక్కడ, ఎవరి మీద అని అడగాల్సిందే. ఈ ప్రశ్నలు జేబులో పెట్టుకుని బేబ్ రూత్ దగ్గరికి వెళ్దాం.

రూత్ 1895లో బాల్టిమోర్‌లో పుట్టాడు. బోస్టన్‌లో పిచ్చర్‌గా మొదలయ్యాడు. మామూలు పిచ్చర్ కూడా కాదు. 1916లో 23 మ్యాచ్‌లు గెలిచాడు, 323 ఇన్నింగ్స్ పైగా వేసి ఒక్క హోమ్ రన్ కూడా ఇవ్వలేదు, 1.75 ఈఆర్ఏతో లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు. అలాంటి మనిషి న్యూయార్క్ యాంకీస్‌కు అమ్ముడైపోయి 1920లో బ్యాటర్‌గా 54 హోమ్ రన్లు కొట్టాడు. ఆ లీగ్‌లో రెండో స్థానంలో ఉన్న జార్జ్ సిస్లర్ కొట్టినవి 19. ఇంకా నమ్మలేని విషయం ఏమిటంటే, ఆ ఏడాది మిగతా 15 జట్లలో ఫిలడెల్ఫియా ఫిలీస్ తప్ప ఏ ఒక్క జట్టూ, అంటే జట్టు మొత్తం కలిసి, 54 కొట్టలేకపోయింది. 1927లో 60, కెరీర్ మొత్తానికి 714. తన కాలం నుంచి ఒక ఆటగాడు ఎంత పైకి లేచాడని కొలిస్తే రూత్‌ను దాటేవాడు లేడు. నాకు ఇందులో రెండో మాట లేదు.

కానీ ఆ కాలం ఎలాంటిదో కూడా చూడాలి. 1920కి ముందు బంతికి ఉమ్మి, మట్టి పూసి వేయడం మామూలు. ఒకటే బంతి నల్లబడి, మెత్తబడిపోయే దాకా వాడేవాళ్లు. 1920లో అలా ఉమ్మి పూసి వేయడాన్ని నిషేధించారు, అప్పటికే అలవాటున్న కొందరికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకు బంతి తగిలి చనిపోయాడు. ఆ తర్వాత తెల్లగా, స్పష్టంగా కనిపించే బంతులే వాడాలన్న పట్టుదల పెరిగింది. ఆట బ్యాటర్ వైపు తిరిగింది. దూరంగా, ఎత్తుగా కొట్టొచ్చని అందరికన్నా ముందు గ్రహించింది రూత్. కొత్త దారి తొక్కినవాడి ఘనత అతనికే చెందుతుంది. మిగతావాళ్లు ఇంకా పాత పద్ధతిలోనే చిన్న హిట్ల కోసం ఆడుతుండటంతో ఆ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది.

దానికన్నా పెద్ద విషయం ఇంకొకటుంది. రూత్ 22 సీజన్లు ఆడాడు. ఆ లీగుల్లో ఒక్కసారి కూడా ఒక నల్లజాతి పిచ్చర్‌ను ఎదుర్కోలేదు. ఎందుకంటే వాళ్లను రానివ్వలేదు. ఎక్కడా రాసిపెట్టిన నియమం లేదు, యజమానులంతా ఒక మాట మీద ఉన్నారంతే. 19వ శతాబ్దం చివర్లో మూసిన ఆ తలుపు 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లో జాకీ రాబిన్సన్ మైదానంలోకి దిగేదాకా తెరుచుకోలేదు. ఆఖరి జట్టు నల్లజాతి ఆటగాణ్ని తీసుకునేసరికి 1959 వచ్చింది. ఆ జట్టు టెడ్ విలియమ్స్ ఆడిన రెడ్ సాక్సే.

తలుపు బయట ఉన్నవాళ్లు ఎలాంటివాళ్లు? జోష్ గిబ్సన్ హోమ్‌స్టెడ్ గ్రేస్, పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ జట్లకు ఆడిన క్యాచర్. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాగా బ్యాటర్ వెనక గొంతుకు కూర్చుని ప్రతి బంతీ పట్టేవాడు. మోకాళ్లు అరిగిపోయే పని. అది చేస్తూనే అతను అందరికన్నా బలంగా కొట్టాడు. అతన్ని నల్ల బేబ్ రూత్ అనేవాళ్లు. ఇద్దరి ఆటా చూసినవాళ్లలో కొందరు తిరగేసి, రూత్‌నే తెల్ల జోష్ గిబ్సన్ అనాలన్నారు. గిబ్సన్ 1947 జనవరిలో 35 ఏళ్ల వయసులో చనిపోయాడు. రాబిన్సన్ తొలి మ్యాచ్‌కు దాదాపు మూడు నెలల ముందు. మూడు నెలలు.

1920 నుంచి 1948 దాకా నడిచిన ఏడు నీగ్రో లీగులకు మేజర్ లీగ్ హోదా ఉందని 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ ప్రకటించింది. 2024 మే నెలాఖరులో ఆ గణాంకాలను అధికారిక రికార్డుల్లో కలిపింది. ఒక్కరోజులో చరిత్ర పుస్తకం తారుమారైంది. కెరీర్ బ్యాటింగ్ సగటులో దశాబ్దాలుగా మొదటి స్థానంలో ఉన్న టై కాబ్ 0.367ను దాటి గిబ్సన్ 0.372 పైకి వచ్చింది. ఎంత బలంగా కొట్టాడో చెప్పే స్లగింగ్ లెక్కలో రూత్ 0.690 దగ్గర ఉంటే గిబ్సన్ 0.718. ఒక సీజన్‌లో అత్యధిక సగటు కూడా గిబ్సన్‌దే, 1943లో 0.466.

దీనికి చాలామంది అభ్యంతరం చెప్పారు. నీగ్రో లీగుల సీజన్లు చిన్నవి కదా, 150 మ్యాచ్‌లు ఆడినవాడితో 60, 70 మ్యాచ్‌లు ఆడినవాణ్ని ఎలా పోలుస్తారని. ప్రశ్నలో న్యాయం ఉంది. తక్కువ మ్యాచ్‌ల్లో సగటు పైకి పోవడం తేలిక. కానీ ఆ సీజన్లు ఎందుకు చిన్నవి? ఈ జట్లు డబ్బు కోసం బస్సులెక్కి ఊరూరా తిరిగి, దొరికిన జట్టుతో ఆడుకుంటూ బతికాయి. ఆ మ్యాచ్‌లు లెక్కలోకి రాలేదు. గిబ్సన్ లీగుల్లోనూ బయటా కలిపి దాదాపు 800 హోమ్ రన్లు కొట్టాడని కూపర్స్‌టౌన్‌లోని అతని ఫలకం మీద ఉంటుంది. అధికారిక లెక్కలో అవి రెండొందలకు లోపే. 0.372 అన్న అంకెను నేను రూత్ అంకెలంత గట్టిగా పట్టుకోను. కానీ దాన్ని కొట్టేసి పాత జాబితానే ఉంచుకుంటే, తలుపు మూసినవాళ్ల మాటే ఈ రోజుకీ చెల్లించినట్టవుతుంది. అందుకే 2024 నిర్ణయం సరైనదని నా అభిప్రాయం.

శాచెల్ పేజ్ కథ ఆ తలుపు అవతలి ప్రతిభకు మనకు దొరికిన ఒక కొలత. క్లీవ్‌లాండ్ జట్టు అతన్ని 1948లో తీసుకునేసరికి అతనికి 42 ఏళ్లు. అందరూ రిటైరైపోయే వయసు. ఆ సీజన్‌లో 6 గెలిచి 1 ఓడాడు, ఈఆర్ఏ 2.48. 1965లో 59 ఏళ్ల వయసులో కాన్సాస్ సిటీ తరఫున మళ్లీ ఒక మ్యాచ్‌లో దిగి మూడు ఇన్నింగ్స్ వేస్తే, ఒక్క హిట్టే ఇచ్చాడు, పరుగు ఇవ్వలేదు. పాతికేళ్ల పేజ్‌ను రూత్ ఎదుర్కొని ఉంటే ఏమయ్యేదో ఎవరం చెప్పగలం?

విలియమ్స్ ప్రసంగానికి ఫలితం దక్కింది. పేజ్ 1971లో, గిబ్సన్ 1972లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు.

విలియమ్స్‌కు కూడా పోగొట్టుకున్న ఏళ్లున్నాయి. కారణం యుద్ధం. 1943 నుంచి 1945 దాకా మూడు సీజన్లు పూర్తిగా, కొరియా యుద్ధం వల్ల 1952, 1953లో చాలా భాగం. కొరియాలో 39 సార్లు యుద్ధ విమానం నడిపాడు. 24 నుంచి 26 ఏళ్ల మధ్య, బ్యాటర్ ఒళ్లు మంచి బలం మీద ఉండే కాలం మొత్తం మైదానం బయటే గడిచింది. అయినా 521 హోమ్ రన్లు. అవుటవకుండా బేస్ చేరడంలో కెరీర్ రికార్డు అతనిదే, 0.482. అంటే బ్యాటు పట్టుకుని నిలబడ్డ ప్రతి రెండుసార్లకు దాదాపు ఒకసారి అవుట్ కాలేదు.

అతని 1941 సీజన్ చివరి రోజు గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. ఆ ఉదయానికి సగటు 0.39955. దగ్గరి అంకెకు సవరిస్తే 0.400. మేనేజర్ జో క్రోనిన్ కావాలంటే ఈ రోజు కూర్చోమన్నాడు. కూర్చుంటే 0.400 ఖాయం. ఆడితే పోవచ్చు. ఫిలడెల్ఫియాలో ఆ రోజు రెండు మ్యాచ్‌లు. విలియమ్స్ రెండూ ఆడాడు. మొదటిదాంట్లో ఐదుకు నాలుగు హిట్లు, రెండోదాంట్లో మూడుకు రెండు. 0.406తో ముగించాడు. అమెరికన్, నేషనల్ లీగుల్లో ఆ తర్వాత ఇంతవరకు ఎవరూ 0.400 అందుకోలేదు.

ఈ గందరగోళమంతా ఒకే అంకెలో పెట్టాలన్న ప్రయత్నం పేరు వార్. జట్టుకు దొరికే ఒక సాదాసీదా ప్రత్యామ్నాయ ఆటగాడి స్థానంలో ఈ మనిషి ఉండటం వల్ల ఎన్ని గెలుపులు అదనంగా వచ్చాయన్నది దాని లెక్క. బ్యాటింగ్, పరుగు, ఫీల్డింగ్, పిచింగ్ అన్నీ పరుగుల్లోకి మార్చి, సుమారు 10 పరుగులకు ఒక గెలుపు చొప్పున కడతారు. కాలం, మైదానం తేడాలు సర్దుతారు. ఎక్కువమంది వాడే ఒక లెక్కలో రూత్‌కు 180 పైన, బారీ బాండ్స్‌కు 160 పైన, విల్లీ మేస్‌కు 155 పైన వస్తాయి. ఇది మంచి పనిముట్టే. నేనూ దీన్ని చూస్తాను. కానీ 1920ల్లో ఆ సాదాసీదా ఆటగాడు ఎవరు? తెల్లవాళ్లలోంచి, అప్పట్లో అన్నీ సెయింట్ లూయిస్‌లోనో దానికి తూర్పునో ఉన్న 16 జట్లు ఎంచుకున్నవాడు. కొలబద్దే కురచదైతే దాంతో కొలిచినవాడు పొడుగ్గానే కనిపిస్తాడు.

ఇక బారీ బాండ్స్. ఈ చర్చలో అందరికీ మనసుకు కష్టం కలిగించే పేరు. 762 హోమ్ రన్లు, 2001 ఒక్క సీజన్‌లోనే 73, ఏడుసార్లు ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడి అవార్డు). ఎంవీపీల్లో ఎవరూ అతనికి దగ్గర్లో లేరు. అయినా అతను హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేడు. కారణం స్టెరాయిడ్లు. తెలిసి వాడలేదని అతను అన్నాడు, చాలామంది నమ్మలేదు. 75 శాతం ఓట్లు కావాల్సిన చోట, రచయితల ఓటింగ్‌లో అతని ఆఖరి అవకాశమైన 2022లో 66 శాతం దగ్గర ఆగిపోయాడు.

2004లో బాండ్స్‌కు 232 వాకులు వచ్చాయి. వాటిలో 120 ప్రత్యర్థులు కావాలనే ఇచ్చినవి. కొట్టనిస్తే ప్రమాదమని వాళ్లే బేస్ అప్పగించారు. దీన్ని మందుల ఖాతాలో వేస్తారు, వేయొచ్చు. కానీ 1998 మే 28న ఏం జరిగిందో చూడండి. ఇది అతని మీద ఆరోపణలున్న కాలానికి ముందు. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, మూడు బేస్‌ల మీదా మనుషులున్నారు. అరిజోనా 8-6తో ముందుంది. బాండ్స్ వచ్చాడు. అరిజోనా మేనేజర్ అతనికి కావాలని వాక్ ఇప్పించాడు. అంటే ఒక పరుగు చేతులారా ఇచ్చేశాడు, 8-7 అయినా పర్లేదు, ఇతనితో మాత్రం వద్దని. తర్వాతి బ్యాటర్ అవుటయ్యాడు, అరిజోనా గెలిచింది. మందుల మాట రాకముందే బాండ్స్ అంటే అంత భయం. అతను మూడు ఎంవీపీలు గెలిచింది కూడా 1990, 1992, 1993లోనే. అప్పటికే గొప్పవాడైన మనిషి ఆ తర్వాతి రికార్డులతో తన పేరే మసకబార్చుకోవడం నాకు ఈ ఆట మొత్తంలో ఎక్కువ బాధ కలిగించే సంగతి.

ఆ 762 దాటింది హ్యాంక్ ఆరన్ 755ను. ఆరన్ రూత్ రికార్డుకు దగ్గరవుతున్నకొద్దీ అతనికి చంపుతామంటూ ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. ఒక నల్లవాడు రూత్‌ను దాటకూడదని. 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో 715వ హోమ్ రన్ కొట్టాడు. అతని హోమ్ రన్లన్నీ తీసేసినా ఇంకా 3,016 హిట్లు మిగులుతాయి. 3,000 హిట్లంటేనే హాల్ ఆఫ్ ఫేమ్‌కు టికెట్ లాంటిది.

అమెరికా దాటి చూస్తే లెక్క మళ్లీ మారుతుంది. జపాన్‌లో సదహారు ఓ 868 హోమ్ రన్లు కొట్టాడు. ఇచిరో సుజుకి 27 ఏళ్ల వయసులో అమెరికా వచ్చి 3,089 హిట్లు కొట్టాడు, అంతకుముందు జపాన్‌లో 1,278. ఇక షోహెయ్ ఒహ్తాని. వేసేవాడు, కొట్టేవాడు ఒకే మనిషి కావడం రూత్‌తోనే పోయిందనుకున్నారు. నిజానికి రూత్ కూడా రెండూ పూర్తిస్థాయిలో చేసింది 1918, 1919 రెండు సీజన్లే. 2024లో మోచేతి ఆపరేషన్ వల్ల పిచింగ్ చేయలేని ఏడాది ఒహ్తాని 54 హోమ్ రన్లు, 59 బేస్ దొంగతనాలు (పిచ్చర్ బంతి వేసే సందులో తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం) సాధించాడు. ఒకే సీజన్‌లో రెండూ 50 దాటినవాడు అంతకుముందు లేడు. 2025 అక్టోబరు 17న మిల్వాకీ మీద ప్లేఆఫ్ మ్యాచ్‌లో పిచ్చర్‌గా పరుగు ఇవ్వకుండా పదిమందిని స్ట్రైకవుట్ చేసి (మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేయడం), అదే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు కొట్టాడు. ఒక ఆటగాడి ఒక్కరోజు ఆట అని చూస్తే దీన్ని మించింది నాకు తెలియదు. గంటకు 95 మైళ్ల బంతి మామూలైపోయిన రోజుల్లో, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్ల మధ్య అతను ఇదంతా చేస్తున్నాడు. కెరీర్ ఇంకా నడుస్తోంది కాబట్టి తీర్పు ఆపుతున్నాను.

మరి ఎవరు? నన్నడిగితే విల్లీ మేస్.

పైన అడిగిన ప్రశ్నలన్నీ అతన్ని అడగండి. ఎవరి మీద ఆడాడు? తలుపు తెరుచుకున్నాక, ఆరన్, బాబ్ గిబ్సన్ లాంటి వాళ్లున్న నేషనల్ లీగ్‌లో. యుద్ధకాలం నష్టం? సైన్యంలో ఉండి 1952లో చాలా భాగం, 1953 పూర్తిగా పోగొట్టుకున్నాడు. అయినా 660 హోమ్ రన్లు. ఒక్క పనిలోనే గొప్పా? హోమ్ రన్లలో నాలుగుసార్లు, బేస్ దొంగతనాల్లో నాలుగుసార్లు లీగ్‌లో మొదటివాడు, ఫీల్డింగ్‌కు వరసగా 12 గోల్డ్ గ్లవ్‌లు. రూత్ అంత ఎత్తుకు లేవలేదు, నిజమే. కానీ రూత్ లేచిన చోట ఎందరో ఆటగాళ్లకు ప్రవేశమే లేదు.

1954 సెప్టెంబరు 29, న్యూయార్క్ పోలో గ్రౌండ్స్, వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్. ఎనిమిదో ఇన్నింగ్స్, స్కోరు 2-2, క్లీవ్‌లాండ్ ఆటగాళ్లు ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు, ఎవరూ అవుట్ కాలేదు. విక్ వెర్ట్జ్ కొట్టిన బంతి మైదానం మధ్యలోంచి 400 అడుగులు దాటి పోతోంది. మేస్ ప్రేక్షకులకు ముఖం, బంతికి వీపు పెట్టి పరుగెత్తాడు. తలెత్తి వెనక్కి చూడలేదన్నట్టే ఉంటుంది ఆ దృశ్యం. భుజం మీదుగా జారివస్తున్న బంతిని రెండు చేతులూ చాచి పట్టాడు. చూసేవాళ్లంతా క్యాచ్ గురించే మాట్లాడతారు. నాకు ఆ తర్వాతి క్షణం ఇంకా ఇష్టం. పట్టీ పట్టగానే గిర్రున తిరిగి, టోపీ ఊడిపోతుండగా, తను కింద పడిపోతూ బంతిని లోపలికి విసిరాడు. రెండో బేస్ నుంచి బయల్దేరిన లారీ డోబీ మూడో బేస్ దగ్గరే ఆగిపోయాడు. పరుగు రాలేదు. పదో ఇన్నింగ్స్‌లో మేస్ జట్టు జెయింట్స్ గెలిచింది. ఇది స్కోరు పుస్తకంలో ఒక్క అవుట్. అంతే రాసి ఉంటుంది.

మేస్ 2024 జూన్ 18న 93 ఏళ్ల వయసులో చనిపోయాడు. రెండు రోజుల తర్వాత అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో, రిక్‌వుడ్ ఫీల్డ్ అనే పాత మైదానంలో, నీగ్రో లీగ్స్ గౌరవార్థం జెయింట్స్, కార్డినల్స్ మ్యాచ్ జరగాల్సి ఉంది. జరిగింది. 1948లో 17 ఏళ్ల మేస్, ఇంకా హైస్కూల్లో చదువుతూనే, బర్మింగ్‌హామ్ బ్లాక్ బారన్స్‌కు ఆడిన సొంత మైదానం అదే. అతను పోవడానికి మూడు వారాల ముందు రికార్డులు సవరించినప్పుడు, ఆ జట్టు తరఫున కొట్టిన 10 హిట్లు కూడా కలిపారు. 3,283గా ఉన్న అతని లెక్క 3,293 అయింది.